హెడ్ దింపి ఎక్కించాక తెల్ల పొగ, పికప్ లేదు: టైమింగ్ తప్పిందా, పంపు పోయిందా?

ఏటూరునాగారం_ట్రాలీ
బండి టాటా ఏస్, పాత డీజిల్, రెండు సిలిండర్ల 702 సీసీ. మిర్చి లోడుతో ఎనుమాముల మార్కెట్‌కు వస్తుంటే పస్రా దాటాక రేడియేటర్ కింది హోస్ పగిలింది. పక్కకు ఆపేలోపే ఇంజిన్ హీటెక్కి ఆగిపోయింది. హెడ్ (సిలిండర్ల పై మూత) గ్యాస్‌కెట్ పోయి సిలిండర్‌లోకి నీళ్లు వచ్చాయి. హెడ్ దింపించి, లేత్ దగ్గర ఫేసింగ్ కొట్టించి (అడుగు చెక్కించి సమం చేయించి), వాల్వులు గ్రైండింగ్ చేయించి, కొత్త గ్యాస్‌కెట్, కొత్త టైమింగ్ బెల్ట్ వేయించాను.

అప్పటి నుంచి పొద్దున పూట సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోతోంది కానీ బండి అందుకోదు. అందుకున్నాక వాడంతా తెల్ల పొగ, కళ్లు మండుతాయి. ఖాళీగా పోతే నడుస్తుంది. లోడు పెట్టి కొంచెం ఎత్తు వచ్చిందంటే సెకండ్ గేర్‌లో కూడా ఈడుస్తుంది. ములుగు దాకా వచ్చేసరికి హీట్ ముల్లు పైకి పోతోంది.

మెకానిక్ టైమింగ్ (డీజిల్ పడే, వాల్వులు తెరుచుకునే వేళల లెక్క) కోసం డీజిల్ పంపు నట్లు వదులు చేసి పంపును తిప్పి చూశాడు. ఒక వైపు తిప్పితే అసలు స్టార్టే కాలేదు. రెండో వైపు తిప్పితే కొంచెం నయం. అట్లా తిప్పుతూ తిప్పుతూ పంపు గాడి చివరికి వచ్చేసింది, ఇంకా జరగదు. ఇప్పుడు "పంపే పోయింది, పంపు షాపుకు ఇద్దాం" అంటున్నాడు. హెడ్ దింపక ముందు ఇదే పంపుతో బండి గుర్రంలా పోయేది. మిర్చి సీజన్ నడుస్తోంది, ఫైనాన్స్ కిస్తీ ఆగదు. పంపు విప్పించాలా వద్దా? తెలిసినవాళ్లు చెప్పండి.

పరకాల_17_పానా
పొగ తెలుపా, నీలమా? వాసన ఎట్లా ఉంది? కాలని డీజిల్ వాసనా, లేక ఆవిరిలా వాసన లేకుండా ఉందా? ఈ ఒక్కటి చెబితే సగం దారి దొరుకుతుంది.

ఏటూరునాగారం_ట్రాలీ
పచ్చి డీజిల్ వాసన అన్నా. ముక్కు దగ్గర నిలబడలేం.

జమ్మికుంట_పత్తి
మిర్చి లోడు పక్కన నిలబడి కూడా డీజిల్ వాసన తెలిసిందంటే నిజంగానే ఎక్కువ వస్తున్నట్టు. లోడు తేజానా, చపాటానా?

ఏటూరునాగారం_ట్రాలీ
తేజ. చపాటా అయితే ఇంత తుమ్ములు రావు.

కాజీపేట_కాకా
బండి అందుకుంటోంది కాబట్టి కంప్రెషన్ ఉన్నట్టే. పంపు చివరిదాకా తిప్పినా సెట్ కాలేదంటే లోపల ప్లంజర్ (డీజిల్‌ను తోసే కడ్డీ) అరిగి ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన బండ్లలో సగం ఇదే. హెడ్ దింపినప్పుడు పైపులు విప్పి మూతలు పెట్టకుండా వదిలేస్తారు, దుమ్ము పోతుంది. పంపు షాపులో టెస్ట్ బెంచీ మీద పెట్టించు, తేలిపోతుంది.

టైమింగ్ అంటారా, చెవితో పెట్టుకునేది. ఇంజిన్ నడుస్తుండగా కొంచెం కొంచెం తిప్పు, కట్‌కట్‌మని కొట్టుడు మొదలైన చోట ఆగి, అక్కడి నుంచి వెంట్రుక వాసి వెనక్కి. మీటర్లు గీటర్లు లేని రోజుల నుంచి అట్లనే పెడుతున్నాం.

పరకాల_17_పానా
కాకా, మీ చెవి మీద నాకు నమ్మకం ఉంది. కానీ చెవితో పెట్టేది ఆఖరి రెండు మూడు డిగ్రీలు. మొదట బెల్ట్ మీద మార్కులు కలిసినాయో లేదో చూడకుండా పంపు మీద పడితే ఎట్లా? ఏటూరునాగారం తమ్మీ, బెల్ట్ వేశాక ఇంజిన్‌ను చేత్తో రెండు రౌండ్లు తిప్పి మార్కులు మళ్లీ చూశాడా మెకానిక్? నీ ముందే చేశాడా?

ఏటూరునాగారం_ట్రాలీ
బెల్ట్ వేసేటప్పుడు నేను లేను. కవర్ బిగించాకే పోయాను.

మంచిర్యాల_బొలెరో
నాకొకటి అర్థం కాదు. నాది బొలెరో పికప్, పాత డీఐ, 2523 సీసీ. గ్యాస్‌కెట్ పోయి హెడ్ దింపించాను. టైమింగ్ అన్న మాటే ఎవరూ ఎత్తలేదు. హెడ్ ఎక్కించారు, ట్యాపెట్లు (వాల్వు తోకకు, దాన్ని తోసే భాగానికి మధ్య సందు) పెట్టారు, స్టార్ట్ చేశారు, పోయింది. హెడ్ దింపితే టైమింగ్ ఎందుకు తప్పుతుంది? మెకానిక్‌లు పని పెంచుకోవడానికి చెప్పే మాట కాదా ఇది?

గోదావరిఖని_గేర్
కాదు బొలెరో అన్నా, రెండు ఇంజిన్లు వేరు. నీ బండిలో క్యామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిపించే కడ్డీ) కింద బ్లాక్‌లో ఉంటుంది. పైకి పుష్ రాడ్లు వస్తాయి, రాకర్లను అవి తోస్తాయి. క్యామ్, పంపు ముందువైపు గేర్ల మీద తిరుగుతాయి. హెడ్ లేపినా ఆ గేర్ల జోలికి ఎవరూ పోరు, టైమింగ్ ఎక్కడిది అక్కడే. అందుకే ట్యాపెట్ గ్యాప్ ఒక్కటి పెట్టుకుంటే చాలు.

ఏస్‌లో క్యామ్ షాఫ్ట్ హెడ్ మీదనే కూర్చుంటుంది. కింద క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పుల్లీ నుంచి పై క్యామ్ పుల్లీకి, మధ్యలో పంపు పుల్లీకి ఒకటే పళ్ల బెల్ట్. హెడ్ దింపాలంటే బెల్ట్ తీయక తప్పదు. బెల్ట్ తీశాక క్రాంక్, క్యామ్, పంపు మూడూ ఎవరికి వారే. ఎక్కించేటప్పుడు ముగ్గురినీ మళ్లీ ఒక మాట మీదికి తేవాలి. ఒక్కరు ఒక్క పన్ను తప్పినా కథ మారిపోతుంది.

మంచిర్యాల_బొలెరో
ఇప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ అందరి ఇంజిన్లూ ఒకటే అనుకున్నాను. మరి ట్యాపెట్ల సంగతి ఎందుకు అంత పట్టించుకుంటారు?

హన్మకొండ_లేత్
నేను చెబుతాను, రోజూ నా బల్ల మీద జరిగే పని ఇది. వాల్వు, సీటు గ్రైండ్ చేస్తే వాల్వు హెడ్ లోపలికి కొంచెం దిగుతుంది. తల లోపలికి దిగితే తోక పైకి లేస్తుంది. దాంతో ట్యాపెట్ గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ పూర్తిగా పోతే ఇంజిన్ వేడెక్కినప్పుడు వాల్వు సరిగా మూసుకోదు. కంప్రెషన్ లీక్ అవుతుంది, పొద్దున స్టార్ట్ అయిన బండి మధ్యాహ్నం వేడి మీద స్టార్ట్ కాదు. ఎగ్జాస్ట్ వాల్వు అయితే అంచు కాలిపోతుంది కూడా. అందుకే నేను హెడ్ ఇచ్చేటప్పుడు ప్రతి ఒక్కరికీ చెప్పి పంపుతాను: గ్యాప్ చూసుకోండి.

ఇక అసలు ప్రశ్న వేసిన తమ్ముడికి: ఫేసింగ్ ఎంత కొట్టారు? హెడ్ ఫేస్ నుంచి వాల్వు తల ఎంత లోపల ఉందో కొలిచారా? ఫేసింగ్ కొట్టాక వాల్వు బయటికి పొడుచుకు వస్తే పిస్టన్‌కు తగులుతుంది. ఐడీఐ ఇంజిన్ (డీజిల్ నేరుగా సిలిండర్‌లోకి కాక హెడ్‌లోని చిన్న చాంబర్‌లోకి పడే రకం) కాబట్టి హెడ్‌లో చిన్న చాంబర్ ముక్కలు ఉంటాయి, అవి కూడా ఫేస్‌కు సమానంగా ఉండాలి.

ఏటూరునాగారం_ట్రాలీ
పావు మిల్లీమీటరు కన్నా తక్కువే తీశానన్నాడు లేత్ ఆయన. వాల్వు లోతు గేజ్ పెట్టి నాకు చూపించాడు. ట్యాపెట్లు కూడా ఆయనే చూసి ఇచ్చాడు. ఆ పని బాగానే చేశాడనిపించింది.

హుజూరాబాద్_డీసీఎం
ఫేసింగే కారణం కావచ్చు కదా? హెడ్ కిందికి దిగింది కాబట్టి క్యామ్ క్రాంక్‌కు దగ్గరైంది. బెల్ట్ లూజు వైపు టెన్షనర్ (బెల్ట్‌ను బిగించి ఉంచే పుల్లీ) లాక్కుంటుంది. క్యామ్ వెనకబడుతుంది. నేను చదివాను ఇది.

హన్మకొండ_లేత్
మీరు చదివింది నిజమే, కానీ లెక్క వేసి చూడండి. పావు మి.మీ. హెడ్ దిగింది అనుకుందాం. క్యామ్ పుల్లీ సగం వ్యాసం 50 మి.మీ. దగ్గర అనుకుంటే క్యామ్ దగ్గర తేడా పావు డిగ్రీ చిల్లర. క్రాంక్ దగ్గర దానికి రెండింతలు, అంటే అర డిగ్రీ పైన అంతే. దానికి వాడ నిండా పొగ రాదు. మాటిమాటికీ ఫేసింగ్ కొట్టి హెడ్ పల్చబడిన బండ్లలో ఆ సంగతి వేరే. ఇక్కడ నేరం ఫేసింగ్‌ది కాదు.

కరీంనగర్_స్కానర్
మా దగ్గరికి తీసుకురండి, స్కానర్ పెడితే క్యామ్, క్రాంక్ కలిసినాయో లేదో ఐదు నిమిషాల్లో చెప్తుంది. ఫాల్ట్ కోడ్ వస్తుంది.

గోదావరిఖని_గేర్
స్కానర్ అన్నా, ఆ పాత ఏస్‌లో స్కానర్ దేనికి తగిలిస్తావు? పంపు పూర్తిగా మెకానికల్. నువ్వు చెప్పేది కామన్ రైల్ బండ్లకు. వాటిలో పంపు పని ప్రెషర్ పుట్టించడం వరకే, డీజిల్ ఎప్పుడు కొట్టాలో క్రాంక్, క్యామ్ సెన్సర్లు చూసి కంప్యూటర్ నిర్ణయిస్తుంది. అందుకని వాటిలో పంపు తిప్పే పని ఉండదు. క్యామ్ టైమింగ్ మాత్రం వాటిలోనూ పెట్టాల్సిందే.

కరీంనగర్_స్కానర్
పాత ఏస్ అన్న మాట సరిగా చూడలేదు, నిజమే. అయితే కామన్ రైల్ వాళ్ల కోసం ఒక మాట చెప్పి పోతాను. హెడ్ పని చేసినప్పుడు ఇంజెక్టర్లు ఏది ఏ సిలిండర్‌దో రాసి పెట్టుకోండి. చాలా బండ్లలో ఒక్కో ఇంజెక్టర్ మీద కోడ్ ఉంటుంది, అది కంప్యూటర్‌లో ఎక్కించి ఉంటుంది. ఒకదాని చోట ఇంకొకటి పెడితే ఇంజిన్ వణుకుతుంది, జనం టైమింగ్ అనుకుంటారు.

నర్సంపేట_కొత్త_డ్రైవర్
టైమింగ్ లైట్ అని ఒకటి ఉంటుంది కదా, పుల్లీ మీద కొడితే మార్క్ కనిపిస్తుంది. దాంతో చూడొచ్చా?

పరకాల_17_పానా
ఆ లైట్ ప్లగ్ వైరు మీద క్లిప్ పెట్టుకుని వెలుగుతుంది తమ్మీ, పెట్రోల్ బండ్లకు. డీజిల్‌లో ప్లగ్ వైరే లేదు. డీజిల్ పైపు మీద పెట్టే రకం వేరే ఉంటుంది కానీ మన దగ్గర షాపుల్లో నేను చూడలేదు. ఇక్కడ అందరూ వాడేది డయల్ గేజ్.

కాజీపేట_కాకా
గేజ్ పెట్టినా గేజ్ పెట్టకున్నా పంపు పోతే పోయినట్టే. నేను మళ్లీ అంటున్నా, టెస్ట్ బెంచీ.

భూపాలపల్లి_డీజిల్
నేను పంపు, నాజిల్ పని చేస్తాను. పంపు విప్పితే నాకే పని దొరుకుతుంది, అయినా చెబుతున్నా: విప్పకండి, ఆగండి.

మొదటి పోస్టులో ఒక మాట ఉంది, ఎవరూ పట్టుకోలేదు. పంపు గాడి చివరిదాకా తిప్పితే కొంచెం నయమైంది అన్నాడు. హెడ్ దింపక ముందు ఇదే పంపు గాడి మధ్యలో ఉండి బాగా నడిచింది. మధ్యలో నడిచిన పంపు ఇప్పుడు చివరికి పోయినా చాలట్లేదంటే, పంపు బాడీ ఎంత తిప్పినా అందనంత దూరం పంపు షాఫ్ట్ జరిగింది. షాఫ్ట్‌ను తిప్పేది బెల్ట్. అంటే పంపు పుల్లీ మీద పన్ను తప్పింది.

లెక్క చూడండి. ఉదాహరణకు పుల్లీకి 40 పళ్లు ఉన్నాయనుకోండి. ఒక పన్ను అంటే 360లో 40వ వంతు, 9 డిగ్రీలు. పంపు ఒక రౌండ్ తిరిగితే క్రాంక్ రెండు రౌండ్లు తిరుగుతుంది. కాబట్టి క్రాంక్ దగ్గర అది 18 డిగ్రీలు. డీజిల్ పిస్టన్ పైకి చేరే ముందే పడాలి. 18 డిగ్రీలు లేటైతే పిస్టన్ కిందికి దిగుతున్నప్పుడు పడుతుంది. అప్పటికి గాలి చల్లబడుతూ ఉంటుంది. సగం కాలుతుంది, సగం తెల్ల పొగై పోతుంది. కాలిన సగం కూడా ఆలస్యంగా కాలి సైలెన్సర్ వైపు పోతుంది, అందుకే పికప్ లేదు, అందుకే హీట్. తమ్ముడు చెప్పిన మూడు లక్షణాలూ ఒకే చోట నుంచి వస్తున్నాయి.

కాకాకు గౌరవంగానే చెబుతున్నా. ప్లంజర్ అరిగితే వేడి మీద స్టార్టింగ్ కష్టం అవుతుంది, ఎందుకంటే వేడికి డీజిల్ పల్చబడి లీక్ అవుతుంది. ఈయనకు కష్టం పొద్దున చల్లగా ఉన్నప్పుడు.

గోదావరిఖని_గేర్
ఈ పోస్టు పైన పిన్ చేయాలి.

జమ్మికుంట_పత్తి
18 డిగ్రీలు అంటే మాటలు కాదు. నేను ఒక పన్నే కదా అనుకునేవాణ్ని.

హుజూరాబాద్_డీసీఎం
ఒప్పుకుంటా, కానీ హీటర్ ప్లగ్గులు కూడా చూడాలి. అవి పనిచేయకపోయినా పొద్దున ఇట్లనే సతాయిస్తుంది, తెల్ల పొగ వస్తుంది. నా చిన్నాయన బండిలో అదే జరిగింది, ఊరికే పంపు విప్పించి డబ్బులు పోగొట్టుకున్నాడు.

భూపాలపల్లి_డీజిల్
చూడాలి, తప్పకుండా. కానీ హీటర్ ప్లగ్గులు పోతే పొగ కాసేపే ఉంటుంది. ఇంజిన్ వేడెక్కాక పోతుంది, పికప్ వస్తుంది. ఈయనకు ములుగు దాకా వచ్చినా పికప్ రాలేదు.

పరకాల_17_పానా
డీజిల్ లైన్‌లో ఎయిర్ పట్టిందేమో కూడా చూసుకో. పైపులు విప్పి బిగించారు కదా. ఎయిర్ పడితే ఆగి ఆగి నడుస్తుంది, రేసు పెంచితే గుటకలు వేసినట్టు కొట్టుకుంటుంది.

ఏటూరునాగారం_ట్రాలీ
ఆ రకం కొట్టుకోవడం లేదు అన్నా. సాఫీగానే నడుస్తుంది, బలం లేదు అంతే. రేపు ములుగులో మా బావకు తెలిసిన మెకానిక్ దగ్గర బెల్ట్ కవర్ తీయిస్తున్నా. ఏమేం చూడమని చెప్పాలి?

భూపాలపల్లి_డీజిల్
ముందు బ్యాటరీ వైరు తీయండి. హీటర్ ప్లగ్గులు విప్పండి, అప్పుడు కంప్రెషన్ అడ్డు రాదు, పానాతో చేత్తోనే హాయిగా తిరుగుతుంది. క్రాంక్ బోల్టుకు పానా పెట్టి ఇంజిన్ తిరిగే దిక్కులోనే తిప్పాలి. వెనక్కి తిప్పితే బెల్ట్ లూజు వైపు మారి పన్ను దాటే ప్రమాదం ఉంది.

క్రాంక్ మార్క్‌ను టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు) దగ్గరికి తెచ్చి ఆపండి. అప్పుడు క్యామ్ మార్క్ తన గుర్తుకు ఎదురుగా ఉందా చూడండి. లేకపోతే కంగారు పడొద్దు, ఇంకో రౌండ్ తిప్పండి. క్రాంక్ రెండు రౌండ్లకు క్యామ్ ఒక రౌండ్ కాబట్టి మొదటిసారి క్యామ్ సగం రౌండ్ అవతల ఉండొచ్చు. క్యామ్ కలిశాక పంపు పుల్లీ చూడండి. అక్కడే మీ జవాబు ఉంటుంది.

పుల్లీ మీద ఏది అసలు మార్కో జాగ్రత్త. కంపెనీ మార్క్ పోతపోసిందో, చెక్కిందో నీట్‌గా ఉంటుంది. పాత మెకానిక్‌లు పెట్టుకున్న పెయింట్ చుక్కలు, ఉలి గాట్లు నమ్మొద్దు. ఎవరు ఎప్పుడు ఎందుకు పెట్టారో తెలియదు.

గోదావరిఖని_గేర్
ఇంకొకటి. కొత్త బెల్ట్ మీద గీతలు ఉంటే అవి ఎక్కించేటప్పుడు మాత్రమే పనికొస్తాయి. రెండు రౌండ్లు తిప్పాక బెల్ట్ గీతలు మళ్లీ పుల్లీ మార్కుల ఎదురుగా రావు. బెల్ట్‌కు పళ్లు వేరే లెక్క, అది తిరుగుతూ జరిగిపోతుంది. పుల్లీ మార్కులు మాత్రం కలవాలి. చాలామంది బెల్ట్ గీత కలవట్లేదని మంచిగా ఉన్న టైమింగ్‌ను చెడగొడతారు.

మంచిర్యాల_బొలెరో
నాలుగు సిలిండర్ల బండ్ల వాళ్లకు కూడా ఒక ఉపాయం చెప్పండి, 1వ సిలిండర్ కంప్రెషన్ మీద ఉందో ఎగ్జాస్ట్ మీద ఉందో ఎట్లా తెలుస్తుంది?

పరకాల_17_పానా
టాపు మూత తీసి 4వ సిలిండర్ రాకర్లు చూడు. టీడీసీ దగ్గర అటూ ఇటూ కొంచెం ఆడిస్తే 4వ సిలిండర్ వాల్వులు రెండూ ఊగుతున్నాయంటే, ఒకటి మూసుకుంటూ ఇంకొకటి తెరుచుకుంటోంది అని. అప్పుడు 1వ సిలిండర్ కంప్రెషన్ టాప్ మీద ఉన్నట్టు. దాని రాకర్లు రెండూ వదులుగా ఉంటాయి, చేత్తో ఆడించి చూడొచ్చు.

నర్సంపేట_కొత్త_డ్రైవర్
క్యామ్ తప్పితే వాల్వులు పిస్టన్‌కు కొట్టుకుంటాయి కదా? ఇన్ని రోజులు అట్లనే నడిపాడు కదా అన్న, ఇంజిన్ పోలేదా?

హన్మకొండ_లేత్
డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్‌కు, హెడ్‌కు మధ్య సందు చాలా తక్కువ. క్యామ్ ఎక్కువ తప్పితే వాల్వు వంగుతుంది, అనుమానం లేదు. ఇక్కడ పంపు తప్పిందనే మా అనుమానం, క్యామ్ కాదు. పంపు తప్పితే వాల్వులకు దెబ్బ ఉండదు. అందుకే ఇన్నాళ్లు ఈడ్చుకుంటూ నడిచింది. అయినా అట్లాగే లోడు తోలొద్దు. హీట్ పెరుగుతోంది, కొత్తగా వేసిన గ్యాస్‌కెట్ మళ్లీ పోతుంది.

ఏటూరునాగారం_ట్రాలీ
తీయించాం. క్రాంక్ మార్క్ కరెక్ట్, క్యామ్ మార్క్ కరెక్ట్. పంపు పుల్లీ ఒక పన్ను వెనక ఉంది.

దగ్గరి నుంచి చూస్తే ఇట్లా ఉంది: పంపు పుల్లీ అంచున గుండ్రటి చిన్న గుంట ఒకటి, గుండుసూది తలంత. దాని నిండా నూనె, దుమ్ము పట్టి నల్లగా మూసుకుపోయింది. డీజిల్ గుడ్డతో తుడిస్తే కానీ కనపడలేదు. దానికి పక్కన, ఒక పన్ను దూరంలో, ఉలితో కొట్టిన గాటు తళతళా మెరుస్తోంది. మా మెకానిక్ ఆ గాటును మార్క్ అనుకుని కలిపాడు. నా దగ్గరికి బండి రాకముందు ఎవరో కొట్టిన గాటు అది.

మంచిర్యాల_బొలెరో
భూపాలపల్లి అన్న చూడకుండానే చెప్పాడు చూడండి. ఉలి గాటు అని కూడా చెప్పాడు.

కాజీపేట_కాకా
పన్ను తప్పిందంటే ఇక వేరే మాట లేదు. పంపు బాడీ మళ్లీ మధ్యకు తెచ్చుకో, మర్చిపోకు. బెల్ట్ సరిచేసి పంపు అట్లనే చివర ఉంచితే ఈసారి విపరీతంగా అడ్వాన్స్ అవుతుంది, అంటే డీజిల్ మరీ ముందే పడుతుంది. అది రిటార్డ్ (లేటుగా పడటం) కన్నా ప్రమాదం, పిస్టన్ మీద సుత్తెతో కొట్టినట్టే. నట్లు బిగించే ముందు పంపు ఫ్లాంజ్ మీద, ఇంజిన్ మీద కలిసి ఉండే పాత గీత కోసం చూడు. చాలా బండ్లకు ఉంటుంది.

భూపాలపల్లి_డీజిల్
కాకా చెప్పింది అక్షరాలా నిజం. ఈ మాట నేనే ముందు చెప్పాల్సింది.

ఆ తర్వాత డయల్ గేజ్ పెట్టించండి. పంపు వెనక మధ్యలో చిన్న బోల్టు ఉంటుంది, అది తీసి గేజ్ ముల్లు లోపలికి పెడతారు. ప్లంజర్ అడుగున ఉన్నప్పుడు గేజ్ కదలకుండా నిలుస్తుంది, అక్కడ సున్నా పెట్టుకోవాలి. తర్వాత క్రాంక్‌ను టీడీసీకి తెస్తే ప్లంజర్ ఎంత లేచిందో గేజ్ చెబుతుంది. ఎంత లేవాలో ఆ ఇంజిన్ మాన్యువల్‌లో ఉంటుంది, మిల్లీమీటరులో వందో వంతుల దాకా ఇస్తారు. వేరే బండి లెక్క దీనికి వాడొద్దు. తక్కువ లేస్తే పంపు బాడీని షాఫ్ట్ తిరిగే దిక్కుకు ఎదురుగా తిప్పాలి, అది అడ్వాన్స్. ఎక్కువైతే షాఫ్ట్ తిరిగే దిక్కుకే తిప్పాలి, అది రిటార్డ్. హై ప్రెషర్ పైపుల నట్లు వదులు చేశాకే బాడీ తిప్పండి, లేకపోతే పైపులు మెలిక పడతాయి.

పరకాల_17_పానా
టెన్షనర్ సంగతి కూడా. బెల్ట్ మరీ బిగిస్తే గుయ్‌మని మోగుతుంది, బేరింగులు పోతాయి. లూజైతే పన్ను దాటుతుంది. అది పెట్టాక మళ్లీ రెండు రౌండ్లు చేత్తో తిప్పి మూడు మార్కులూ చూశాకే సెల్ఫ్ కొట్టండి. తిప్పేటప్పుడు ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలవంతం చేయొద్దు, అది వాల్వు.

హుజూరాబాద్_డీసీఎం
క్యామ్ ఆయిల్ సీల్, క్రాంక్ ఆయిల్ సీల్ కూడా చూడండి, కవర్ ఎట్లాగూ తీశారు కదా. ఆయిల్ పడితే కొత్త బెల్ట్ కూడా ఉబ్బి పాడవుతుంది.

ఏటూరునాగారం_ట్రాలీ
అయిపోయింది. బెల్ట్ ఒక పన్ను జరిపి వేశాం, పంపు ఫ్లాంజ్ మీద పాత గీత దొరికింది, దాని మీదికి తెచ్చాం. గేజ్ ఉన్న పంపు షాపు ఆయనను పిలిపించాం. గీత మీద పెట్టినదానికి, గేజ్ చెప్పినదానికి చాలా కొద్ది తేడానే వచ్చింది, సరిచేశాడు. సగం సెల్ఫ్‌కే అందుకుంది. పొగ కాసేపు వచ్చి పోయింది. తాడ్వాయి అడవి రోడ్డు మీద లోడుతో పెట్టి చూశాను, థర్డ్‌లోనే లాగేసింది, హీట్ ముల్లు మధ్యలోనే నిలబడింది. పంపు విప్పనవసరం రాలేదు. ఇక్కడ రాసిన అందరికీ చాలా థ్యాంక్స్, ముఖ్యంగా భూపాలపల్లి అన్నకు.

జమ్మికుంట_పత్తి
మొదటి మెకానిక్ దగ్గర డబ్బులు వాపసు అడిగావా? అడగాల్సిందే. పంపు కూడా విప్పేసి ఉంటే ఎంత బొక్క పడేది!

కాజీపేట_కాకా
అడగొచ్చు, కానీ కొట్లాడకు. హెడ్ పని, గ్యాస్‌కెట్ పని మంచిగా చేశాడు కదా. మార్క్ చూపించి మాట్లాడు. ఆ గాటు చూస్తే నేనైనా ఆగి ఆలోచించేవాణ్ని.

మంచిర్యాల_బొలెరో
నేను కాకాతో ఏకీభవించను. గాటు ఎవరిదైనా కావొచ్చు, పుల్లీ తుడిచి చూస్తే అసలు మార్క్ దొరికేది. పొగ వచ్చిన మొదటి రోజే కవర్ తీయాల్సింది. అది చేయకుండా పంపు మీద నెట్టాడు. సీజన్‌లో బండి ఆగితే ఒక్కో కిరాయి ఎంత విలువో డ్రైవర్‌కే తెలుసు.

ఏటూరునాగారం_ట్రాలీ
పోయి చూపించాను. ఒప్పుకున్నాడు, బెల్ట్ ఎక్కించిన కూలి వాపసు ఇచ్చాడు. ఆ గాటును నా ముందే ఆకురాయితో అరగదీసి, అసలు గుంటలో పసుపు పెయింట్ పెట్టాడు.

నర్సంపేట_కొత్త_డ్రైవర్
చివరగా ఒకటి. హెడ్ బోల్టులు కొన్నాళ్లు నడిచాక మళ్లీ టైట్ చేయాలంటారు, నిజమేనా?

హన్మకొండ_లేత్
ఇంజిన్‌ను బట్టి, గ్యాస్‌కెట్‌ను బట్టి. కొన్ని పాత ఇంజిన్లకు చేయాలి. టార్క్ పెట్టి పైన డిగ్రీల లెక్కన తిప్పే బోల్టులైతే చేయకూడదు. ఆ బోల్టులు సాగుతాయి, చాలా ఇంజిన్లకు హెడ్ దింపిన ప్రతిసారీ కొత్తవి వేయమని మాన్యువలే చెబుతుంది. ఏదైనా సరే బిగింపు మధ్య నుంచి మొదలుపెట్టి అంచుల వైపు పోవాలి. ఒక మూల నుంచి బిగిస్తూ పోతే హెడ్ వంగుతుంది, మళ్లీ నా దగ్గరికే రావాలి.

జమ్మికుంట_పత్తి
నాది కూడా ఏసే, కవర్ లోపల గుయ్‌మని చప్పుడు వస్తోంది, చలికాలంలో ఎక్కువ. బెల్ట్‌దేనా?

పరకాల_17_పానా
టెన్షనర్ బేరింగ్ కావొచ్చు, వాటర్ పంపు కావొచ్చు. ముందు బయటి ఫ్యాన్ బెల్ట్ తీసి ఒక్క నిమిషం నడిపి విను. చప్పుడు పోతే కవర్ లోపలిది కాదు. పోకపోతే బండి ఆపి కవర్ తీయించు, బెల్ట్ వయసు కూడా చూడు. ఫోటో పెట్టు ఇక్కడే.